గింజ ముట్టిన చెయ్యి

విత్తిన పన్నెండో రోజు పొద్దున్నే మొదటి మడిలో మిరపనారు వాలిపోయి కనిపించింది. మొదళ్ళు మెత్తబడి, ముట్టుకుంటే చాలు ఊడి వస్తోంది. తిమ్మక్క నీళ్ళ క్యాను కింద పెట్టేసింది. ఆమె భయం ఆ మడి గురించి కాదు. పక్కనే పచ్చగా, నిటారుగా నిలబడిన రెండో మడి గురించి.

మిట్టేమరిలో బైరప్ప నారుతోట అది. తిమ్మక్క మూడేళ్ళుగా రోజుకు నలభై రూపాయల కూలికి అక్కడ మట్టి తవ్వుతుంది, ఎరువు జల్లెడ పడుతుంది. విత్తనం మాత్రం ముట్టకూడదు. మొగుడు పోయినవాళ్ళు ముడితే మొలక రాదని పట్టింపు. పేడ ఎత్తడానికి పనికొచ్చే చెయ్యి గింజ పట్టడానికి పనికిరాదట! విత్తేది ముత్తైదువైన అక్కయమ్మ.

ఈసారి చింతామణిలో రైతులకు శిక్షణిచ్చే తరబేతికి బైరప్ప తనకు తీరిక లేక తిమ్మక్కను పంపాడు. నారుకుళ్ళు రాకుండా మేలుచేసే సూక్ష్మజీవుల పొడిని గంజిలో కలిపి గింజకు పట్టించి, నీడలో ఆరబెట్టడం అక్కడ నేర్పారు. రెండు మడుల గింజకూ తిమ్మక్క చెప్పినట్టు పొడి పట్టించి చల్లమని అక్కయమ్మకు చెప్పి బైరప్ప బాగేపల్లి వెళ్ళాడు. బతికున్న పొడి అనేసరికి అక్కయమ్మ హడలిపోయి, మొదటి మడిలో ఉత్త గింజే చల్లేసింది. రెండో మడి గింజకు పొడి పట్టించి చల్లింది తిమ్మక్క. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

బయట బైరప్ప బండి ఆగింది. తిమ్మక్క పక్కనున్న అక్కయమ్మ చెయ్యి పట్టుకుంది.

"చెప్పొద్దక్కా. తెలిస్తే నా పని పోతాది. ఇంకే తోటలోకీ నన్ను రానీరు."

బైరప్ప రెండు మడులూ చూశాడు. "ఒగే గింజ, ఒగే మన్ను. ఇదింత బాగుండాది, అదెట్ల చచ్చింది? రెండూ నువ్వే కదా చల్లింది, అక్కయమ్మా?"

అక్కయమ్మ కళ్ళు తిమ్మక్క వైపు పోయాయి. బైరప్పకు అది చాలు.

"ముండమోసినదానివి, గింజ ముట్టినావా? నీ చెయ్యి తగిలే ఆ మడి చచ్చింది!"

"నేను ముట్టింది ఇదప్పా. బతికింది ఇదే."

"నోరు ముయ్! ఊర్లో తెలిస్తే ఈ నారు ఎవుడు కొంటాడు? నీ చేత్తోనే పీకెయ్. పీకితే రేపు పనికి రా. లేకుంటే ఇట్నే పో."

తిమ్మక్క వంగి ఒక మొక్క లాగింది. తెల్లటి వేళ్ళు గుబురుగా మట్టిని పట్టుకుని వచ్చాయి. ఇంట్లో రేపటికి రాగిపిండి లేదు. అయినా ఆ మొక్కను మళ్ళీ గుంతలో పెట్టి, వేళ్ళతో మట్టి అదిమి లేచింది.

"చచ్చినదాన్ని పీకమనండి, పీకుతా. దీన్ని నేను పీకనప్పా. మీరే పీకండి."

బైరప్ప పంచె ఎగ్గట్టి మడి అంచుకు వచ్చాడు. నారు మీద కళ్ళు నిలిచిపోయాయి. చెయ్యి ముందుకు రాలేదు.

"అక్కయమ్మా, నువ్వు పీకు," అన్నాడు.

అక్కయమ్మ కూడా వంగలేదు.