యులియెన్‌కి రాని బంతి

చైనాలో బావ్‌దింగ్ ఊరి కందకం పక్కన తోటకి పొద్దున్నే వచ్చేవాళ్లలో సగం మంది నడుస్తారు, సగం మంది నిలబడతారు. నడిచేవాళ్ల సంగతి వదిలేద్దాం. నిలబడేవాళ్లు బు మాస్టారి శిష్యులు. మోకాళ్లు కాస్త సడలించి, చేతులు రెండూ గుండెకెదురుగా గుండ్రంగా ఎత్తి, పెద్ద బంతిని కావలించుకున్నట్టు కదలకుండా నిలబడటం వాళ్ల యుద్ధవిద్యలో మొదటి పాఠం. చాలామందికి అదే ఆఖరి పాఠం కూడా.

అలా నిలబడగా నిలబడగా ఓ రోజు బంతి వస్తుంది. కంటికి కనబడదు గానీ వెచ్చగా ఉంటుంది, బరువు తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని బెంచీ మీద పెట్టి మరిచిపోతుంటారు. తోట ఊడ్చేవాళ్లు "ఎవరిదమ్మా ఈ బంతి? తీస్తే కాస్త కూర్చుంటాం" అని కేకలేస్తారు. శిష్యుల్లో ఒకరైన షుయె అక్క అయితే తన బంతిని చలికాలమంతా దుప్పట్లో పెట్టుకుని పడుకుంది.

రానిదల్లా యులియెన్‌కే. ఆమె అందరికంటే ముందొచ్చి, అందరికంటే ఆలస్యంగా వెళ్లేది. పళ్లు బిగబట్టి మరీ నిలబడేది. ఒంట్లో ఏదో ఒకటి అవుతూనే ఉండేది కానీ అది ఏమిటో తెలిసేది కాదు.

"మాస్టారూ, అరచేతుల్లో చీమలు పాకుతున్నాయి. ఇదేనా?"

"కాదు. నిలబడు."

"ఎడమ చెవి వేడెక్కింది."

"టోపీ తియ్యి."

"మోకాళ్లు వణుకుతున్నాయి. శక్తి కదులుతున్నట్టుంది."

"వయసు కదులుతోంది. భుజాలు దించు." భుజాలు దించితే నడుము బిగిసేది. నడుము వదిలితే భుజాలు లేచేవి. ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియక ఆమెకి ఏడుపొచ్చేది.

ఆమె తొందరకి కారణం మొగుడు దెషాన్. చేత్తో నూడుల్స్ సాగదీయడంలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేడు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చచ్చుబడ్డ చేతిమీద బంతిని ఆనిస్తే ఒక్కోసారి ప్రాణం వస్తుందని మాస్టారు ఎప్పుడో అన్న మాట ఆమె పట్టుకుంది. వాళ్ల నూడుల్స్ దుకాణాన్ని కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. "ఇచ్చెయ్యి" అన్నాడు దెషాన్, ఆ మాట అన్నప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. దుకాణం పోతే మనిషీ పోతాడని యులియెన్‌కి తెలుసు. ఇవాళ ఆ కొనే ఆయన ఫోన్ చేస్తాడు. ఔననో కాదనో చెప్పాలి.

ఇంట్లో చూసుకునే పక్కింటావిడ ఊరెళ్లడంతో యులియెన్ దెషాన్‌ని చక్రాల కుర్చీలో తోటకి తోసుకొచ్చింది. అతను ఎప్పట్లాగే ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గుండెకెదురుగా ఎత్తి కూర్చున్నాడు. వదిలితే ఆ చెయ్యి జారి చక్రంలో పడుతుంది, అదో అలవాటైపోయింది.

"బంతి రాని గోల్‌కీపర్‌లా ఉన్నావే," అన్నాడు పెళ్లాన్ని చూసి.

"నోర్మూసుకో ముసలోడా. నీ కోసమే ఈ తిప్పలు."

"నేనడిగానా?"

ఆమెకి ఒళ్లు మండింది. అలాగే చేతులెత్తి నిలబడింది. కాసేపటికి ఆ మంట కూడా చల్లారింది. ఇక వస్తే వచ్చింది, లేకపోతే లేదు అనుకుంది. చీమలూ లేవు, వేడీ లేదు. ఏమీ లేకపోవడమే బాగుందో, అది ఓడిపోవడమో కూడా తెలియలేదు.

"యులియెన్, ఎవరో నా ఒళ్లో వాళ్ల బంతి పెట్టి పోయారు. తీసుకోమను," అన్నాడు దెషాన్.

మాస్టారు వచ్చి దెషాన్ చేతుల మధ్య గాల్లో అరచెయ్యి ఆడించి చూశాడు. "ఎవరిదీ కాదు, నీదే."

"నేనెప్పుడు నిలబడ్డాను?"

"ఏడాదిగా చేతులు అలాగే పట్టుకున్నావు. ఏమీ ఆశపడలేదు కూడా." ఆ మాట అనేసి ఇంకొకరి భుజాలు దించడానికి వెళ్లిపోయాడు.

యులియెన్‌కి సంతోషపడాలో, మొగుడి నెత్తిన మొట్టాలో అర్థం కాలేదు. నిలబడింది తను, వచ్చింది ఇతనికి! తనది దారి తప్పి అటు పోయిందా? అడుగుదామంటే మాస్టారు మళ్లీ నిలబడమనే అంటాడు.

దెషాన్ మాత్రం తల వంచి చూసుకుంటున్నాడు. ఎడమచెయ్యి మణికట్టుని వదిలేసింది. కుడిచెయ్యి జారలేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని లేని దాంట్లోకి దిగాయి.

"పిండి కాస్త గట్టిగా ఉంది. నీళ్లు చాల్లేదు," అన్నాడు తనలో తాను.

రెండు చేతులూ సాగదీస్తూ చెరో పక్కకి వెళ్లాయి. దగ్గరకొచ్చి మడిచాయి, మళ్లీ వెళ్లాయి. యులియెన్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. కుర్చీ ఇరుకై అతని మోచెయ్యి తగులుతుంటే విసుక్కున్నాడు.

"చూస్తావేంటే? ఈ కొస పట్టుకో, నేల తగులుతోంది!"

ఆమెకేమీ కనబడలేదు. అయినా రెండు చేతులూ చాచింది. అరచేతుల మీద వెచ్చగా, బరువుగా, పోగులు పోగులుగా ఏదో వచ్చి పడింది. పడేసింది కుడిచెయ్యి.

కోటు జేబులో ఫోన్ మోగింది. దుకాణం కొనే ఆయనే అయ్యుంటాడు. అది అలా మోగుతూనే ఉంది. యులియెన్ ఎత్తలేదు, చేతులు ఖాళీ లేవు.