నాలుగు వేళ్ళ గుమ్మం

పొద్దున్నే కాఫీ తాగాక భూతద్దం మాస్టారు జేబులోని కలమూ ముక్కు మీది కళ్ళజోడూ తీసి భార్య చేతికిచ్చేవాడు. ఊపిరంతా వదిలేసి, పొట్ట లోపలికి లాక్కుని, పక్కవాటుగా తిరిగి ముందు ఎడమ భుజం పెట్టి తన గదిలోకి దూరేవాడు. లోపలికి చేరాక ఓసారి దగ్గి, "ఆఁ, ఇవ్వు" అనేవాడు. ఆవిడ కలమూ కళ్ళజోడూ అందించేది.

"రాత్రి మారు వడ్డించుకోవద్దన్నానా?" అనేది. "చూడండి, చొక్కా గుండీ మళ్ళీ ఊడింది."

ఆ గది గుమ్మం ఒకప్పుడు అందరి ఇళ్ళలోని గుమ్మాల్లాంటిదే. మాస్టారు దొంగ నాణేన్ని తెలిసి తెలిసీ అసలుదని రాసి సంతకం పెట్టిన ప్రతిసారీ అది రెండు వేళ్ళ మేర తగ్గేది. గోడ కాస్త మూలిగేది, కొంచెం సున్నం రాలేది, అంతే. మూడో సంతకం తర్వాత బీరువా ఇంక బయటికి రాదని తేలితే దాన్ని లోపలే వదిలేశారు. ఐదో సంతకానికి వడ్రంగి వచ్చి తలుపు కోసి సన్నం చేశాడు. ఏడోసారి పిలిస్తే అతనే విసుక్కుని, "తలుపెందుకండీ, తెర కట్టుకోండి" అన్నాడు. మేస్త్రీని పెట్టి గోడ కొట్టించడం కూడా అయింది. పడగొట్టిన ఇటుకలు సాయంత్రానికల్లా వాటి చోటికి అవి చేరుకున్నాయి. "ఇలాంటి గోడలు చెప్పిన మాట వినవమ్మా" అని మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పటికి పదమూడు సంతకాలయ్యాయి. గుమ్మం జానా రెండు వేళ్ళ వెడల్పుంది.

కింద ఉన్న పాత నాణేల షాపు మాస్టారి భార్య అన్నగారిది. ఇల్లూ ఆయనదే. బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మాస్టారిని పదిహేనేళ్ళ కిందట ఆయనే పిలిచి మేడ మీద ఆ గది ఇచ్చాడు. గ్రీకు నాణేల్లో మాస్టారిది గొప్ప కన్ను. సుత్తితో అచ్చు గుద్దిన వెండికీ, కరిగించి మూసలో పోసిన వెండికీ తేడా ఆయనకి అద్దం పెట్టకముందే తెలిసిపోయేది. మూసలో పోసినదాని అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని ఆకురాయితో రుద్దేసిన జాడ ఉంటుంది. అక్షరాల అంచులు అరిగిన సబ్బుబిళ్ళలా మెత్తబడి ఉంటాయి. ఇవన్నీ కూతురికి అన్నం తినిపిస్తూ కథల బదులు చెప్పేవాడు. పాపం, ఆ పిల్ల అవే కథలనుకుంది.

అంతటి మనిషీ ఒక్కసారి బోల్తా పడ్డాడు. ఏథెన్స్ వాళ్ళ గుడ్లగూబ నాణెం ఒకటి వచ్చింది, దాని మీద లోతుగా ఉలి గాటుంది. లోపల రాగి దాచారేమోనని పాతకాలం వర్తకులు అలా నరికి చూసేవాళ్ళు. మాస్టారు గాటులోకి తొంగి చూశాడు, మెరిసే వెండి. ఎప్పుడో రెండువేల ఏళ్ళనాటి వర్తకుడు పరీక్ష చేసి వదిలిన నాణేన్ని నేనింకేం పరీక్షించాలనుకుని అసలుదని రాసేశాడు. ఆర్నెల్లకి అలాంటిదే ఇంకోటి వచ్చింది. గాటు అదే చోట, అదే వాలు, అదే లోతు. ఒకే అచ్చు కింద వంద నాణేలు తయారవచ్చు గానీ ఉలి దెబ్బ రెండుసార్లు ఒకేలా పడదు. ఎవరో గాటున్న నాణెం మీదే మూస తీసి, మంచి వెండి పోసి, గాటుతో సహా పిల్లలు పెట్టించారు.

మాస్టారు పరుగున కిందికెళ్ళి చెబితే బావగారు తాపీగా విన్నాడు. "మొదటిది అమ్ముడైపోయింది కదా. ఇప్పుడు తప్పన్నామంటే మీ పేరు గంగలో కలుస్తుంది. దీని మీద కూడా పెట్టెయ్యండి" అన్నాడు. మాస్టారు పైకొచ్చి పెట్టాడు. మొదటిది పొరపాటు కాబట్టి గుమ్మం ఊరుకుంది. రెండోదానికి మొదటిసారి మూలిగింది.

పదమూడు సంతకాలయ్యాక ఒక పొద్దున బావగారు ఐదు నాణేలున్న పళ్ళెం తెర కిందినుంచి లోపలికి తోశాడు.

"ఎల్లుండి వేలం, మాస్టారూ. మధ్యాహ్నానికల్లా కాగితాలు కావాలి."

"ఇంకొక్కటి పెట్టానంటే నేను బయటికి రాలేను."

"రాకపోతే ఏమైంది? బాత్రూం లోపలే ఉందిగా. భోజనం చెల్లాయి అందిస్తుంది. అయినా ఇక మీరొక్కరే కష్టపడక్కర్లేదు. అమ్మాయి పుల్లలా ఉంది, గుమ్మం ఎంత సన్నబడినా దూరిపోతుంది. ఇవాళ్టినుంచి మీ సంతకం కింద దానిది కూడా ఉండాలి."

"దానికి మ్యూజియంలో సీటొచ్చింది కదండీ. నాలుగింటికి బండి."

"పోయినవారమే వద్దన్నాగా! పాత వస్తువులు బాగుచేయడం నేర్చుకోడానికి అంత దూరం దేనికి? మీ పక్కనే పీట వేయిస్తాను. కుర్చీ ఎలాగూ పట్టదు." ఆయన జోకుకి ఆయనే నవ్వుకున్నాడు.

మాస్టారు తెర పక్కనుంచి భార్య వైపు చూశాడు. ఆవిడ కొంగు మెలిపెడుతూ, "ఇంటిపట్టున ఉంటుంది లెండి" అంది. అన్నగారి ముందు ఆవిడ గొంతు ఎప్పుడూ సగమే పెగిలేది.

పందొమ్మిదేళ్ళ కూతురు గాలిలా లోపలికి వచ్చేసింది. సర్దుకున్న పెట్టె ఆమె మంచం కిందే ఉంది. వారమైనా అందులోంచి ఒక్క జాకెట్టు కూడా బయటికి తీయలేదు. అయినా పళ్ళెం చూడగానే పిల్ల మొహం వెలిగిపోయింది. అద్దం తీసుకుని ఒక్కో నాణెమూ అంచు పట్టుకుని తిప్పి చూసింది. సింహం తోలు కప్పుకున్న తల ఉన్నదాన్ని పక్కన పెట్టింది, దాని అంచు రుద్దేశారంది. రెంటి మీద గాలిబుడగల గుంటలు చూపించింది. ఇంకోటి బరువు తక్కువంది. గుడ్లగూబని మాత్రం చాలాసేపు పట్టుకుంది.

"నాన్నా, ఈ గాటు లోపల కూడా పైనున్నట్టే గరుగ్గా ఉందేంటి? ఉలితో కోస్తే నున్నగా, గీతలు గీతలుగా ఉండాలి కదా. గాటుతోనే పోత పోశారు!"

తనకి ఆర్నెల్లు పట్టిన సంగతి పిల్ల పావుగంటలో కనిపెట్టేసింది. మాస్టారికి గర్వంతో కళ్ళు చెమర్చాయి, వెంటనే భయం పట్టుకుంది. ఇంత మంచి కన్నుని బావగారు ఛస్తే వదలడు.

తెర సందులోంచి అచ్చు కాగితాలు ఐదు లోపలికొచ్చాయి. "అమ్మాయ్, ముందు నువ్వు రాయి. అన్నీ అసలువే అని."

"అన్నీ దొంగవే కదా మామయ్యా!"

"మీ నాన్న కూడా మొదట్లో ఇలాగే అనేవాడు."

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఆయన తల ఎత్తలేదు. కూతురి ముందు తల కొట్టేసినట్టయింది. గుమ్మం ఎందుకు సన్నబడుతుందో ఇంటిల్లిపాదికీ తెలిసిందే, పిల్లకీ తెలుసు. కానీ పక్కన కూర్చుని చూడటం వేరు.

"నేను రాయకపోతే?"

"మొదటి నాణెం సంగతి ఊరంతా తెలుస్తుంది. ఈ వయసులో మీ నాన్నని దొంగ అంటారు. ఇక నీ ఇష్టం."

పిల్ల కాగితం దగ్గరికి లాక్కుంది. తర్వాత కలం మూత తీసింది. ఆమె కలం కాగితానికి ఆనించబోవడం చూసిన మాస్టారికి ఇంక కూర్చోబుద్ధి కాలేదు.

"అది సరిగ్గా రాయదమ్మా," అన్నాడు, "కిందికెళ్ళి షాపులోంచి నల్ల కలం పట్రా."

పిల్ల గుమ్మం దాటింది. చెప్పుల చప్పుడు మెట్ల దాకా వెళ్ళడం విని, మాస్టారు ఆ సరిగ్గా రాయని కలంతోనే మొదలుపెట్టాడు. అసలుది, సంతకం. గోడ మూలిగింది. అసలుది, సంతకం. ఐదూ ఆగకుండా పెట్టేశాడు. ఎప్పుడూ ఒకటి పెట్టి నీరసించే మనిషి, ఆ రోజు చెమట తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. సున్నం జలజలా రాలింది. తెర ఇరుక్కుని చిరిగింది. చూస్తే గుమ్మం ఉన్నచోట నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

బావగారు సంబరపడిపోయాడు. "చూశారా, తలుచుకుంటే ఎంతసేపు!" అంటూ సందులోంచి చేయి చాచాడు. "ఇటివ్వండి."

మాస్టారు ఐదు కాగితాల్నీ ఒకటిగా పట్టుకుని రెండుగా చించాడు, మళ్ళీ నాలుగుగా చించాడు. ఆ ముక్కలు చాచిన చేతిలో పెట్టాడు.

"మీకేం పోయేకాలం వచ్చింది!" బావగారు గోడని గుద్దాడు. "అమ్మాయిని బయటే కూర్చోబెట్టి రాయిస్తాను!"

"కాగితాల మీద వేసే నా ముద్ర లోపలుంది. నాణేలూ లోపలే ఉన్నాయి. నా పేరు పాడుచేస్తానన్నారుగా? మీకా కష్టం లేకుండా నేనే చేసుకుంటాను."

తెల్ల కాగితం తీసి మొదటి పొరపాటుతో మొదలుపెట్టి పద్నాలుగు నాణేల వివరమూ రాశాడు, ఏది ఎందుకు దొంగదో, ఎవరు రాయించారో. కింద పూర్తి పేరు పెట్టాడు. ఆయన రాస్తుండగానే నల్ల కలంతో పైకొచ్చిన పిల్ల ఆ సందు చూసి కలం పారేసి దాని దగ్గరికి పరుగెత్తింది. చప్పుడుకి వంటింట్లోంచి వచ్చిన భార్య పిల్ల పక్కన నిలబడింది. మాస్టారు సందులోంచి కాగితం కూతురికి అందించాడు.

"కొన్నవాళ్ళందరికీ తలా ఒక కాపీ పంపు. మీ మ్యూజియంలో కూడా చూపించు, వాళ్ళకి పనికొస్తుంది."

నిజం రాశాడు కదా, ఇప్పుడైనా తెరుచుకుంటుందని ముగ్గురూ గుమ్మం వైపే చూశారు. గుమ్మం ఇసుమంతైనా జరగలేదు. అప్పుడు పిల్లకి ఏడుపు ఆగలేదు.

"నేనెక్కడికీ వెళ్ళను నాన్నా."

"నువ్వుండి చేసేదేముంది? నువ్వు కూడా పట్టవు ఇందులో. నువ్వు పట్టకూడదనే కదా ఇదంతా!" మాస్టారు కసిరాడు.

భార్య కళ్ళు తుడుచుకుని పిల్ల గదిలోకెళ్ళి, మంచం కిందనుంచి పెట్టె లాక్కొచ్చింది. మెట్ల దగ్గర అడ్డంగా నిలబడిన అన్నగారిని చూసి, "తప్పుకో అన్నయ్యా, బండి టైమవుతోంది" అంది. ఆ గొంతు మొత్తం పెగలడం ఆయన వినడం అదే మొదటిసారి. తప్పుకున్నాడు.

పిల్ల సందులో చేయి మోచేతి దాకా పెట్టింది. మాస్టారు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపటికి వదిలాడు.

తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కింద కూతురు పెట్టె మోసుకుంటూ వీధి గేటు దాకా వచ్చింది. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి, లారీ పట్టేంత గేటు. పిల్ల ఆగింది. ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాక్కుని, పక్కవాటుగా తిరిగి ముందు ఎడమ భుజం పెట్టింది.

"నేరుగా నడవవే తల్లీ!" మాస్టారు పైనుంచి అరిచాడు. "అంత చోటుంది!"

పిల్ల పైకి చూసింది. పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, తిన్నగా తిరిగి, గేటు మధ్యలోంచి నడిచి వెళ్ళింది.