ఇల్లు తప్పిన నంబరు

వల్లూరులో పాలవాడి కంటే ముందే జయలక్ష్మమ్మ ఇంటి ముందు మనుషులు చేరతారు. ఆమె అరుగు మీద చేట పెట్టుకుని శెనిక్కాయలు వలుస్తూ ఉంటుంది. "అవ్వా, నా గ్యాసుది వచ్చిందా?" అని ఒకరు, "జయక్కా, మావోడి స్కాలర్‌షిప్పుది పడిందేమో చూడు" అని ఇంకొకరు. ఆమె తల ఎత్తదు.

"నీది నిన్ననే వచ్చినాదప్పా, సిలిండరు రేపు తెస్తారంట. నీది ఇంగా రాలేదు, పో."

వాళ్ళు సరేనని పోతారు. సోలార్ పార్కు పెద్ద తీగలు ఊరి మీదుగా పోయినప్పటి నుంచీ ఊళ్ళో ఎవరి ఫోనుకి ఏ మెసేజీ వచ్చినా అది ముందు జయలక్ష్మమ్మ కుడి చెవిలో పడుతుంది. సిగ్నల్ సరిగా అందని ఊరు కాబట్టి ఇది అందరికీ అనుకూలంగానే ఉంది. విసుగంతా ఆమెకే. లోను కావాలా, రమ్మీ ఆడతావా అని పొద్దస్తమానం చెవిలో పోరుతుంటే ఎవరికి మాత్రం ఉండదు? దూది పెట్టుకుని చూసింది. లాభం లేకపోయింది.

ఆమెకొక నియమం ఉంది. ఎవరి మెసేజీ వాళ్ళకే చెబుతుంది. పెళ్ళాం వచ్చి మొగుడిది అడిగినా, అన్న వచ్చి తమ్ముడిది అడిగినా పెదవి విప్పదు. "పక్కోళ్ళ తట్టలో చెయ్యి పెడతామా?" అంటుంది. అందుకే ఊరు ఆమెను నమ్మింది. మెచ్చుకోదగ్గ నియమమే, ఆమె కోడలు మంజుశ్రీని అడగకపోతే.

మంజుశ్రీ పార్కులో ప్యానెళ్ళు కడుగుతుంది. ఎండెక్కితే అద్దం కాలుతుంది, నీళ్ళు పడితే చారలు కడుతుంది. అందుకని చీకటితోనే పోయి, పొడుగు కట్టె చివర బ్రష్షు కట్టుకుని వరసలు వరసలుగా తోముకుంటూ పోవాలి. ఒకప్పుడు అత్తగారివాళ్ళు శెనిక్కాయ వేసిన నేలే అది. ఇప్పుడు చుట్టూ కంచె. కౌలుకిచ్చిన సొంత భూమిలోకి పోవడానికి గేటు దగ్గర పేరు రాయించుకోవాలి. ఆ పేరు రాసే సెక్యూరిటీ ఎవరయ్యా అంటే ఆమె మొగుడు గోపికృష్ణే. పొద్దున లోపలికి పంపేది అతడే, మధ్యాహ్నం బయటికి వదిలేదీ అతడే. ఇంటికొస్తే ఇల్లూ అతడిదే.

కిందటేడు కంట్రాక్టరు నెల సంబళం చేతికివ్వడం మానేసి కడిగే ఆడవాళ్ళందరికీ ప్రీపెయిడ్ కార్డులిచ్చాడు. నెల నెలా కార్డులో డబ్బు నింపుతారు. దాంతో ఏటీఎంలో నోట్లు రావు గానీ ఫోనులో ఏం కావాలన్నా కొనుక్కోవచ్చు, ఏ ఫీజైనా కట్టుకోవచ్చు. కాకపోతే కార్డుకి జతచేసిన ఫోనుకి ఒక నంబరు వస్తుంది. ఆ ఓటీపీ కొడితేనే డబ్బు కదులుతుంది.

కార్డులిచ్చిన రోజు టేబులు దగ్గర కూర్చున్న ఆఫీసు మనిషి ఒక్కొక్కరినీ ఫోను నంబరు అడిగాడు. ఇక్కడి ఇళ్ళలో ఆడది బయటి మగవాడికి తన నంబరు చెప్పదు. చెబితే రేపటినుంచి ఎవడెవడో ఫోను చేస్తాడని భయం, చేయకపోయినా ఊరు అనుకునేది అనుకుంటుంది. వరసలో నిలబడ్డ వాళ్ళంతా గుక్క తిప్పుకోకుండా మొగుళ్ళ నంబర్లు చెప్పారు. మొగుడు లేని ఆమె మరిది నంబరు చెప్పింది. మంజుశ్రీ కూడా గోపికృష్ణ నంబరే చెప్పింది, తన ఫోను తన చేతిలోనే పట్టుకుని. మర్యాదగా నడుచుకున్నామనుకున్నారు అందరూ. ఎండలో ఒళ్ళు వంచి సంపాదించిన డబ్బుకి తామే బీగం వేసి, ఆ బీగం చెవి మగవాళ్ళ జేబులో వేశామని తెలియడానికి ఒక నెల పట్టింది.

గోపికృష్ణ చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. పెళ్ళాం అంటే ఇష్టమే. ఆ ఇష్టం కొద్దీ ఆమె కార్డుతోనే ఆమెకు గాజులు తెప్పించాడు, కొలత అడగకుండా. అవి మోచేతి దాకా జారేవి. బండికి సీటు కవరు, పాటల డబ్బా కూడా ఆ కార్డుతోనే వచ్చాయి. ఆమె ఏదైనా కావాలంటే మాత్రం అది ఎందుకో, పాతదానికేమైందో, పక్కింటివాళ్ళు అది లేకుండా ఎలా బతుకుతున్నారో విచారణ జరిగేది. విచారణ అయ్యాక నంబరు చెప్పేవాడు, నవ్వుతూనే.

మాఘమాసంలో సూపర్‌వైజరు సుధామణి ఆడవాళ్ళందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పింది. ఉగాది తరువాత చేత్తో కడగడం ఉండదు. బ్రష్షులు బిగించిన ట్రాక్టర్లు వస్తున్నాయి. లైసెన్సు ఉన్నవాళ్ళు ట్రాక్టరు తోలవచ్చు, లేనివాళ్ళు ఇంటికే.

మంజుశ్రీ పుట్టింట్లో, నాగలమడికలో, నాయన ట్రాక్టరు తోలిన పిల్ల. ఏటి ఇసకలో కూడా తోలింది. ఆ సాయంత్రం మొగుణ్ణి అడిగింది.

"లైసెన్సుకి అర్జీ ఏస్తా. కార్డుతో ఫీజు కట్టల్ల. నంబరు చెప్పు."

"ట్రాక్టరా?" గోపికృష్ణ నవ్వాడు. "మన ఇంట్లో ఆడది ట్రాక్టరు ఎక్కుతాదా? గేటు కాడ నేను కూచోనుంటే నువ్వు దాని మీద ఊరేగుతా వస్తావా? నవ్విపోతారు."

"లేకపోతే పని పోతాది కదప్పా."

"పోనీలే. ఇంట్లో ఉండు. నేను ఉండా కదా."

అంత ప్రేమగా అన్నాడు మరి. తలుపు వేస్తే చప్పుడైనా వస్తుంది, ఈ మాటకి అదీ లేదు. ఆమె ఇంకా రెండుసార్లు అడిగింది. రెండోసారి అతడు నవ్వలేదు. తోటివాళ్ళను అడుగుదామంటే వాళ్ళ కార్డుల బీగం చెవులూ అలాంటి జేబుల్లోనే ఉన్నాయి.

ఉగాదిలోపు లైసెన్సు చేతికి రావాలంటే అర్జీ వేయాల్సిన చివరి రోజు వచ్చింది. మధ్యాహ్నం పని దిగి, గేటు దాటి, ఇంటికొచ్చి మంజుశ్రీ అరుగు మీద అత్త పక్కన కూర్చుంది. గోపికృష్ణ ఫోను గేటు దగ్గర పెట్టెలో ఉంటుంది, డ్యూటీ దిగేదాకా తీయనివ్వరు. మామ వెంకటప్ప జీవాలను తోలుకుని పోయాడు. మంజుశ్రీ ఫీజు ఒక్కటీ కట్టి ఊరుకోదలచలేదు. ఈ ఫీజు తరువాత ఇంకో ఫీజు ఉంటుంది, ఆ తరువాత ఇంకోటి. ప్రతిసారీ అడుక్కోవడం ఆమెవల్ల కాదు. కార్డుకి తన నంబరే జతచేయాలనుకుంది. యాప్ తెరిచి, వెతికి, నంబరు మార్చు అన్నచోట నొక్కింది. పాత నంబరుకి వచ్చిన ఓటీపీ కొట్టమంది యాప్.

మొగుడి చేతిలోంచి బయటపడాలంటే మళ్ళీ ఆ చెయ్యే కావాలి. ఈ యాప్ చేసినవాడు కూడా ఎవరికో మొగుడై ఉంటాడు.

పక్కన జయలక్ష్మమ్మ చెయ్యి చేటలో ఆగింది. నంబరు ఆమె చెవిలో పడిందని మంజుశ్రీకి తెలిసింది.

"అత్తా."

"వద్దు మంజూ. వానికి వచ్చినాది. వానిదే."

"కార్డు నాది. కష్టం నాది."

"నన్ను అడగద్దు. ఊరంతా నన్ను నమ్ముకోని ఉండాది."

తెర మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నా అయ్యాయి. గడువు అయిపోయిందని వచ్చింది. మంజుశ్రీ మళ్ళీ నొక్కింది. జయలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. గడువు మళ్ళీ అయిపోయింది. ఇంకొక్కసారే అవకాశం ఉంది, అది కూడా తప్పితే ఈ రోజుకి కార్డు ఆగిపోతుందని యాప్ ఎర్ర అక్షరాలతో చెప్పింది.

మంజుశ్రీ ఈసారి నొక్కలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. "నువ్వు గూడా గేటు కాడనే కూచున్నావు అత్తా," అంది.

ఎవరో ఇల్లు కట్టుకోవడానికి లోను ఇస్తామని జయలక్ష్మమ్మ చెవిలో అరుస్తున్నారు. ఆమె అది వినడం లేదు.

"కంచె లోపల, ట్యాంకు పక్కన ఉండే చేను చూస్తివే," అంది చివరికి. "అది మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చినాడు. ఏటా దానికి కౌలు దుడ్లు పడతాయి. పడినాయని ముందు నా చెవిలోనే చెప్తారు. మీ మామ ఫోనుకి వచ్చినాది కదా, ఆయనది అనుకుని ఆయనకే చెప్పినా. ఒక్క ఏడన్నా నా చేతికి రాలేదు. చెవిలోనే పడినాయి."

మంజుశ్రీ ముక్కు తుడుచుకుని ఆమెను చూసింది. కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా ఆ చేను ఎవరిదో ఆమెకు తెలియదు.

"పోస్టు మనిషి నీ జాబు తెచ్చి పక్కింట్లో ఏసిపోతే అది పక్కింటోళ్ళది అవుతాదా?" అంది అత్త. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు, చేట మాత్రం పక్కకి తోసింది. "నేను ఇన్నాళ్ళూ ఇల్లు చూసినా, జాబు ఎవురిదో చూడలేదు. నొక్కు."

మంజుశ్రీ నొక్కింది. జయలక్ష్మమ్మ తల వంచి, కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్క అంకె బయటికి చెప్పింది. "నాలుగు. సున్నా. ఏడు. ఏడు. రెండు. తొమ్మిది." మంజుశ్రీ వెంట వెంటనే కొట్టింది. కార్డుకి ఆమె నంబరు జతయింది. కొంగు తడి ఆరకముందే లైసెన్సు ఫీజు కూడా కట్టేసింది. దానికి వచ్చిన ఓటీపీ ఆమె ఫోనులోనే టింగుమంది, ఆమె కళ్ళతో ఆమే చదువుకుంది.

సాయంత్రం గోపికృష్ణ బండి గుమ్మంలోకి దూసుకొచ్చింది. చేతిలో ఫోను పట్టుకునే దిగాడు.

"ఓటీపీ నా ఫోనుకి వచ్చినాది. పెట్టెలో ఉండే ఫోను నేను చూడనే లేదు. ఎవురు చెప్పినారమా?"

"నేనే చెప్పినా."

"ఎవురిది వాళ్ళకే చెప్తా అంటావు కదా! ఊరికంతా ఒక నాయం, కొడుక్కి ఒక నాయమా?"

"ఎవురిది వాళ్ళకే చెప్పినా కదప్పా," అంది జయలక్ష్మమ్మ. "కాళ్ళు కడుక్కోపో, ముద్ద చల్లారిపోతాది."

అతడు తిని, కంచం పక్కకి తోసి లేచిపోయాడు. ఆ అలక చాలా రోజులు సాగింది. గేటు దగ్గర మంజుశ్రీ పేరు రాసేటప్పుడు కూడా తల ఎత్తేవాడు కాదు. ఆమెకు బాధగానే ఉండేది. అయినా అడుక్కోవడం కంటే ఈ బాధే నయమనిపించేది.

లైసెన్సు పరీక్ష రోజు ఆమె మొదటి బస్సుకి మధుగిరి ఆర్టీవో ఆఫీసుకి పోయింది. ఊరు దాటిన ఫోన్లు జయలక్ష్మమ్మ చెవికి అందవు. కోడలి ఫోనుకి ఫలితం వచ్చిందో లేదో, వస్తే ఏమని వచ్చిందో తెలిసే దారి లేదు. ఊరందరి కబుర్లూ చెవిలో మోగుతుంటే కావలసిన ఒక్కటీ లేక ఆమె అరుగు మీద కూర్చోలేకపోయింది. పొద్దు వాలేవేళకి బస్టాండుకి పోయి నిలబడింది. "అవ్వా, నాది వచ్చిందా?" అని అడిగినవాళ్ళని చేత్తోనే తోలేసింది.

బస్సు వచ్చింది. మంజుశ్రీ దిగింది, దుమ్ము కొట్టుకుపోయి, చెప్పు తెగి.

"ఏమని వచ్చినాది?" అంది జయలక్ష్మమ్మ.

"పాసయినానత్తా. తోలచ్చు అని వచ్చినాది."

అత్త కాస్త దగ్గరికి జరిగి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇంగోసారి చెప్పు," అంది.