మేడం కొలతలు

ఇంకో ఫోం ముక్క ఉంటే బాగుండు, రెండే రెండు ఇచ్చి పోయిండు పట్టాభిరామయ్య, ఒకటి ముందటికి, ఒకటి ఎనకకు, అమ్మాయ్ మంజులతా, మేడం గారు కొంచెం నిండుగా ఉంటారు కదా, నువ్వేమో చీపురుపుల్లలా ఉన్నావు, ఇవి లోపల సర్దుకో, లేకపోతే స్క్రీన్ మీద తేడా కొట్టేస్తుంది అని చెప్పిండు, కాస్ట్యూమర్ కద, ఆయన ఫికర్ ఆయనది, మనిషిని చూస్తే ఆయనకు కొలతలే కనపడతయి, నేనెంత పిచ్చిదాన్నంటే, ఫోం అనంగనే దెబ్బ తగలకుండ పెట్టుకునేది అనుకున్న, చేతుల పెట్టంగనే గబుక్కున మోకాలికి ఆనిచ్చి చూసుకున్న, ఆయన పకపక నవ్విండు, అక్కడ కాదమ్మా అన్నడు, యాడనో చెప్పనీకి సిగ్గుపడి గోడ దిక్కు చెయ్యి చూపెట్టి తలుపు దగ్గరికేసి పోయిండు, అయ్యో సార్, గోడకు పెట్టుకోవాల్నా అని అడగాల్సింది, గప్పుడు నోరు రాలే, మనిషి పోయినంక వస్తయి నాకు మాటలు, ఎప్పటికీ ఇంతే నా బతుకు.

మంచం మీద అన్ని పరిచి పెట్టిండు, నల్లటి రెక్జిన్ ప్యాంటు, పొట్టి రెక్జిన్ జాకెట్టు, నడుం కాడ జానెడు ఒళ్లు కనపడేటట్టు, వేళ్లు కోసిన గ్లోవులు, మడిమె ఎత్తు బూట్లు, విగ్గు, అన్నీ హీరోయిన్ మేడం ఏసుకున్నట్టివే ఇంకో జత, ఇటు పక్కన నా సంచి, దాంట్ల నా మందపాటి జీన్సు, ఎర్రగడ్డ ఐతారం అంగట్ల ఏరుకొచ్చిన పాత పోలీసు బూట్లు, బండి నేర్పిన వీరయ్య కాక ఇచ్చిన హెల్మెట్టు, ఈ బంగ్లా ఎవరిదో, షూటింగుకు కిరాయికి ఇచ్చిండ్రు, ఈ రూమ్ వాళ్ల బిడ్డదేమో, అద్దం నిలువెత్తుంది, జూబ్లీహిల్స్ల అద్దాలు గూడ మనుషుల లెక్క ఎత్తుగనే ఉంటయి కావచ్చు, ఆ అద్దంల నేను, ఉత్త లంగా మీదనే నిలవడి, చేతుల రెండు ఫోం ముక్కలు పట్టుకొని, ఏది ఏసుకోవాల్నో తెల్వక, కింద జనరేటర్ మోత, మైకుల అసిస్టెంటు అరుపులు, బండి రెడీ, జీపు రెడీ, డూప్ ఏదండీ డూప్ అని, డూప్ అంటే నేనే, పేరు పెట్టి పిలిస్తే వాని సొమ్మేం పోతది.

మేడం పగబట్టి విలన్ జీపు ఎనక పడతది, గదీ సీను, ఈ గేట్ల నుంచి బండి ఉరికిచ్చి, రోడ్డు ఎంబడి కిందికి దిగి, మలుపు కాడ రోడ్డు ఇడిసి, ఫిలింనగర్ ఎనక గుట్టల మీదికి ఎక్కి రాళ్ల నడుమ నుంచి పోవాలె, ఎక్కుడు దిగుడు ఒక్కటే షాట్ల, నడుమ ఆపేది లేదు, ఇన్నేండ్ల సంది మేడంలకు డూప్ అంటే మొగోడే, చీర కట్టి, విగ్గు పెట్టి, గడ్డం గీకి, వీరయ్య కాక ఎంతమంది హీరోయిన్లయిండో ఆయనకే యాది లేదు, ఈసారి డైరెక్టర్ గారు ఒప్పుకోలే, నడుం కనపడాలి, మగాడి నడుం జనం పట్టేస్తారు అన్నడట, ఫైట్ మాస్టర్ పరేషానయితుంటే కాకనే చెప్పిండు, గ్రూపు డాన్సుల మంజులత ఉన్నది, నేను బండి నేర్పిన, పట్టుకుంటది అని, నేర్పింది నిజమే, వెంగళరావు నగర్ కాడ ఖాళీ జాగల, పొద్దుగాల పొద్దుగాల, నేర్చి ఎన్నొద్దులైంది గనుక, క్లచ్చు ఇడిస్తే ఇంకా గుండె ఝల్లుమంటది, రోడ్డు మీద పడితే బండి ఈడుస్తది బిడ్డా, గుట్ట మీద పడితే ఎత్తేస్తది, రోడ్డుకు తోలు గావాలె, గుట్టకు బొక్కలు గావాలె, ఎముకలన్నట్టు, అని చెప్తుండె కాక, మరి ఈ రెక్జిన్ తోలును కాస్తదా బొక్కలను కాస్తదా, దేన్నీ గాదు, చిటికెనవేలి గోరు మందం గూడ లేదు, నిప్పురవ్వ పడితే కరిగిపోయేటట్టున్నది.

మోకాళ్లే నా భయం, చెయ్యి ఇరిగితే అతుకుతది, మోకాలు పోతే నాకేమున్నది, ఆడేది వాటి మీదనే కద, ఆట లేకుంటే ఇంట్ల అమ్మకు, నాకు కూడెట్ల ఎల్లాలె, బాలమణి నా పక్క లైనుల ఆడుతుండె, సెట్టు మెట్ల మీద కాలు జారింది, గంతే, మోకాలు చిప్ప పక్కకు తిరిగింది, ఇప్పుడు కింద సక్లం ముక్లం కాళ్లు మడుసుకొని కూసొని తినలేదు పాపం, పీట మీద కూసొని కాలు చాపుకొని తింటది, పోయిన నెల ఇంటికి పోతే, నీ మోకాళ్లు బాగున్నయా అని అడిగింది, అందరు అమ్మ బాగుందా అని అడుగుతరు, ఆమె మోకాళ్లనడిగింది, నా మోకాలు మీద చెయ్యేసి నిమిరింది గూడ, నాకు ఏడుపాగలే, ఇంటికొచ్చి అమ్మ మీద ఊకెనే కసురుకున్న.

సరే ఏసుకొని చూద్దాం, చూస్తే ఏం పోయింది, రెక్జిన్ ప్యాంటు ఎక్కిచ్చేసరికి చెమట పట్టింది, ఎనక ఫోం, ముందట ఫోం, జాకెట్టు జిప్పు పీకితే ఊపిరి సగమే ఆడుతుంది, విగ్గు, గ్లోవులు, మడిమె బూట్లు, నా కాలు పెద్దది, మేడం కాలు చిన్నది, వేళ్లు ముడుసుకొని దూర్చిన, అద్దంల చూసిన, అమ్మో, నేను గాదు, మేడమే, పక్కకు తిరిగితే గూడ మేడమే, ఎనకకు తిరిగి మెడ తిప్పి చూసుకున్న, మస్తున్న, అబద్ధమెందుకు, మస్తున్న, కడుపుల ఏదో తియ్యగ అయింది, పదేండ్ల సంది ఎనక లైను, ఎనక లైనుల గూడ మూలకు, మేడం చెయ్యెత్తితే ఆ చేతి ఎనక నా మొఖం పోయేది, ఇప్పుడు ముందటి మనిషిని నేనే, టాకీసుల ఈలలేస్తరు, కాగితాలు చింపి ఎగరేస్తరు, ఎవలికేస్తరు, గదంతా మళ్లీ ఆలోచిద్దాం, ఒక్కపారి చూసుకోనియ్యి నన్ను, అని నాకు నేనే చెప్పుకున్న, నవ్విన గూడ.

కుర్చీ మీద బండి మీద కూసున్నట్టు కూసుందామని కాలేసిన, మోకాలు మడుస్తలేదు, రెక్జిన్ బిర్రబిగుసుకున్నది, ఇంకొంచెం బలం పెడితే తొడ కాడ టప్పుమని కుట్టు పోయింది, బూటు మడిమె పోయి కుర్చీ పట్టెల ఇరుక్కున్నది, గుంజితే రాలే, చేతులతోని తిప్పి తీసిన, ఇది కుర్చీ గనుక ఊరుకున్నది, గేరు కాడ ఇరికితే, గుట్ట మీద ఎగిరే బండి మీద కాలు ఇరికితే, ఏమయితది, తల వంచితే విగ్గు ఎంటికలు మొత్తం కండ్ల మీద పడ్డయి, అద్దం కనపడుతలేదు, మొఖం కనపడొద్దంటరు ఫైట్ మాస్టర్, ఎంటికలు మొఖం మీద పడేటట్టే ఉండాలమ్మా, నీ ఫేస్ వచ్చిందంటే షాట్ వేస్టు అన్నడు, మరి నేను రోడ్డెట్ల చూడాలె మాస్టర్ అంటే, అలవాటైపోతుందమ్మా అన్నడు, ఎప్పుడయితది అలవాటు, పడ్డంకనా, మరి హెల్మెట్టు పెట్టుకుంటే మొఖం మొత్తానికే కనపడదు కద మాస్టర్ అని గూడ అన్న, పొద్దుగాల, ధైర్యం తెచ్చుకొని, ఆయన నన్ను ఎర్రిదాన్ని చూసినట్టు చూసిండు, హెల్మెట్ పెడితే డూప్ అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడమ్మా, అందుకే కదా హెల్మెట్ లేకుండా చేయించేది అన్నడు, చూడుండ్రి లెక్క, డూప్ అని తెల్వద్దంటే నెత్తి మీద ఏమీ ఉండొద్దు, నెత్తి పగిలితే మాత్రం అది డూప్ నెత్తే.

ఇంట్ల అమ్మకు చెప్పలే, పాట షూటింగని చెప్పి వచ్చిన, అమ్మ టిఫిను గిన్నెల పులిహోర పెట్టింది, ముట్టబుద్ధయితలేదు, పోనీ ఇంటికి పోదామా, కాళ్లు నొస్తున్నయని చెప్పి ఎనక గేట్ల నుంచి జారుకుంటే, జారుకుంటే ఏమయితది, ఎనక లైను ఉండనే ఉన్నది, ఇంకెన్నొద్దులుంటది, కొత్త పిల్లలు వస్తున్నరు, బొంగరాల లెక్క గిర్రుగిర్రున తిరుగుతున్నరు, డాన్స్ మాస్టర్ నన్ను చూసి, మంజులా నువ్వు కొంచెం ఆ చెట్టు పక్కకు జరుగమ్మా అంటడు, చెట్టు పక్కకు జరిగి జరిగి చెట్టెనకకు పోయిన, ఇదొక్కటే దారి, ఆడపిల్ల డూపు ఇంకెవలు లేరు ఈడ, చేస్తే రేపు మళ్లీ పిలుస్తరు, పేరొస్తది, చెయ్యాల్నంటే భయమే, చెయ్యకుంటే గూడ భయమే, రెండు దిక్కుల భయమే ఉంటే మనిషి ఏ దిక్కు పోవాలె.

తలుపు జరుపుకొని వీరయ్య కాక వచ్చిండు, నడుం పట్టుకొని, ఒంగి ఒంగి, బిడ్డా తయారైనవా అన్నడు, నన్ను చూసి, అబ్బ అచ్చం మేడమే అని మెచ్చుకున్నడు, ఆ హెల్మెట్టు ముచ్చట మళ్లీ తియ్యకు బిడ్డా, నేనిచ్చింది నేర్చుకునేతందుకు, షాట్ల పెట్టేతందుకు గాదు, నేనెన్నడన్న అడిగిన్నా, లొల్లి పెడితే నిన్ను పంపిచ్చి నన్నే ఎక్కు అంటరు, నడుం కనపడ్డా కనపడకున్నా, గుడ్డ చుట్టి ఎక్కిస్తరు, నా నడుం సంగతి నీకు తెల్సు కద అన్నడు, అంటే నేను నెత్తి దాచుకుంటే ముసలాయన నెత్తి బయట పెట్టాల్నా, కాక మంచం అంచున కూసొని అంగీ చెయ్యి పైకి జరిపిండు, నాకు ధైర్యం చెప్పేతందుకో ఏమో, మోచెయ్యి వంకర చూపెట్టి, ఇది పోలీసు మేడం సినిమాది అన్నడు, మెడ కాడ గీత చూపెట్టి, ఇది డాకురాణి సినిమాది, పక్కటెముకలు తడిమి, ఇది రాజకుమారిది, గుర్రం మీద నుంచి అన్నడు, గమ్మత్తుగ చెప్తుండు, పిల్లల పేర్లు చెప్పినట్టు, నాకు నవ్వు రాలే, కాకా నువ్వు పడ్డయన్ని సినిమాల ఉన్నయా అని అడిగిన, నేనెందుకడిగిన్నో నాకే తెల్వది, ఆయన నన్ను చూసి, పడ్డది ఎవలుంచుతరు బిడ్డా, పడ్డది కట్ చేస్తరు, మళ్ల తీస్తరు, మంచిగొచ్చిందే ఉంచుతరు అన్నడు.

పడ్డది కట్ చేస్తరు, కాక ఇంకా ఏదో చెప్తుండు గని నాకు ఇనపడుతలేదు, పడ్డది కట్ చేస్తరు, అంటే మంచిగ పోయినంతసేపు అది మేడం, గేటు దాటింది మేడం, మలుపు తిరిగింది మేడం, గుట్టెక్కింది మేడం, ఈలలు మేడంకు, పడ్డనుకో, అప్పుడు మేడం ఉండదు, అప్పుడు ఉన్నపళంగ అది మంజులత, కట్ అంటరు, కెమెరా ఆగుతది, మేడం నీడల కుర్చీల కూసొనే ఉంటది, రాళ్ల మీద పడి ఉన్నది నేను, ఆ ముక్క ఎవలూ చూడరు, ఆ ముక్క కాక ఒంటి మీద ఉన్నది, మోచేతి మీద, మెడ మీద, ఇంటికి తెచ్చుకున్నడు, మంచిగొచ్చిందంతా వాళ్లకిచ్చి పడ్డయన్ని తెచ్చుకున్నడు, బండి మీద పోయే ఆమెకు బట్టలు కుట్టిండు పట్టాభిరామయ్య, పడేదానికి ఎవలు కుట్టిండ్రు, ఎవలు కుట్టలే, ఎవలు కుడతరు, అది సినిమాల లేదాయె.

జిప్పు గుంజిన, కాక కండ్లు పక్కకు తిప్పుకొని, ఏం చేస్తున్నవ్ బిడ్డా, అని లేచి బయటికి పోబోయిండు, కాకా ఆగు, నన్ను పంపిచ్చి నిన్నెక్కమంటే ఎక్కొద్దు, నడుం పనిచేస్తలేదని చెప్పు, ఉన్నదే చెప్పు అన్న, ఆయన నడుం పట్టుకొని తలుపు దగ్గరికేసి పోయిండు, ఎక్కుతడో ఏమో, నాకు తెల్వది, ఆయన నెత్తికి నేను పూచీ పడలేను, ఏడుపొస్తుంది, రానీ, రెక్జిన్ ప్యాంటు ఇడిసి పడేసిన, ఫోం ముక్కలు మోకాళ్లకు పెట్టి సంచిల ఉన్న చున్నీ చింపి గట్టిగ కట్టి, దాని మీది నుంచి జీన్సు ఎక్కిచ్చిన, పోలీసు బూట్లు, రెండు జతల మేజోళ్లు, రెక్జిన్ జాకెట్టు మాత్రం మళ్లేసుకున్న, నడుం కనపడుతది గద డైరెక్టర్ గారికి, కనపడనీ, విగ్గు తీసి మంచం మీద పెట్టిన, హెల్మెట్టు పెట్టుకొని గదువ కింద పట్టీ బిగిచ్చిన, అద్దంల మేడం లేదు, గుండు గుమ్మడికాయ లెక్క నేనున్న, ఇంటికి పంపిస్తరు కావచ్చు, ఇప్పుడే పంపిస్తరు, చెట్టెనక జాగ గూడ ఉండకపోవచ్చు, గని మోకాలు మడిచి చూసిన, మడిచింది.

తలుపు దబదబ కొడుతుండు పట్టాభిరామయ్య, షాట్ రెడీ అమ్మాయ్, ఎంతసేపు అనుకుంట, తీసిన, ఆయన నోరు తెరిచి నన్ను కింది నుంచి మీదికి చూసిండు, ఇదేం అవతారమమ్మా, నా ఫోం ఏది, ఇలా వెళ్తే జనం ఎవరనుకుంటారు నిన్ను, అని నెత్తి కొట్టుకున్నడు, ఈసారి మాట దొరికింది నాకు, మనిషి ముందటనే ఉండంగ దొరికింది, నేననే అనుకుంటరు సార్ అన్న, అని ఆయన పక్క నుంచి మెట్లు దిగిన.