ఘాటుకే దగ్గు

హారిక మార్చిన డ్రైవర్‌ను, అంటే సెన్సర్‌ను నడిపే ప్రోగ్రామును, ఇమ్మానుయేలు గారు పొద్దుటి నుంచీ చదువుతూనే ఉన్నారు, దగ్గుతూనే ఉన్నారు.

గుంటూరు మిర్చి యార్డుకు పోయే దారిలో మేడ మీది ఆఫీసు అది. రెండువేల నాలుగు మార్చి. సీజనులో దగ్గు ఇక్కడ పలకరింపు లాంటిది, ఎవరూ పట్టించుకోరు. ఆయన మాత్రం తువ్వాలు తడిపి కిటికీకి కట్టుకున్నారు. యాభై దాటిన బక్కపలచటి మనిషి. కాలరు తిరగేసి కుట్టించుకున్న చొక్కా, దారంతో కట్టిన కళ్లజోడు. నోట్లో నాలుక లేని మనిషంటారు. ఆయన చూసి సరేననందే ఏ మార్పూ బయటికి పోదు. ఇన్నేళ్లలో దేన్నీ ఇంతసేపు ఆపలేదు.

కోల్డ్ స్టోరేజీలో అమోనియా లీకైతే గంట కొట్టే ఎలక్ట్రానిక్ కార్డు వాళ్ల తయారీ. మిరప దుమ్ముకు కూడా గంట మోగి, హమాలీలు బయటికి పరుగెత్తి, పని ఆగిపోతోందని ఫిర్యాదు. అందుకని సెన్సర్ పంపే ఇంటరప్ట్, అంటే ఉన్న పని ఆపి ఇటు చూడమనే పిలుపు, ఒకసారి రాగానే దాన్ని కాసేపు మూసి, తెరిచాక మళ్లీ వస్తేనే గంట కొట్టేలా హారిక మార్చింది.

"ఏంటండీ, ఇంకా చూస్తానే ఉన్నారా?" యజమాని లక్ష్మీకాంత్ గుమ్మంలోకి వచ్చాడు. "రేపట్నుంచి మిర్చి టిక్కీ బస్తాలు ఎక్కిస్తారు. ఇయ్యాళ బిగించకపోతే ఆర్డరు పోద్ది."

"పోనివ్వండి," అన్నారు ఇమ్మానుయేలు గారు.

హారికకు ఒళ్లు మండింది. "గ్యాసుతో పరీక్ష చేశానండి. మోగింది."

"ఎట్టా చేశావమ్మా?"

అమోనియా సీసా మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి చూపించింది. గంట మోగింది. ఆయన సీసా అందుకుని, గాలి తేటపడేదాకా ఆగి, మూత తీసి సెన్సర్ కింద పెట్టి వదిలేశారు. ముగ్గురూ గంట వైపే చూశారు. గదంతా ఘాటెక్కింది. హారిక కళ్ల వెంట నీళ్లు కారాయి. గంట మోగలేదు.

"లీకైన గ్యాసు పోయి మళ్లీ రాదమ్మా, ఉండిపోద్ది. మన సెన్సరు వచ్చినప్పుడు ఒక్కసారే పిలుస్తుంది. తెరిచాక ఇంకా ఉందేమో మనమే చూసుకోవాలి." మూత బిగించి ఛాతీ రుద్దుకున్నారు. "మా తమ్ముడు ఏసోబు కోల్డ్ స్టోరేజీలోనే పోయాడు. దగ్గుతా ఉంటే మిర్చి ఘాటేలే అనుకున్నారంట అందరూ."

లక్ష్మీకాంత్ మెట్లు దిగిపోయాడు. హారికకు తల కొట్టేసినట్లయింది. దిద్దడానికి కూర్చుంది.

తెరవగానే సెన్సర్‌ను ఒకసారి చదవాలి, అంతే. నాలుగు వరుసల పని. వెనక ఆయన పొడిగా, ఆగి ఆగి దగ్గుతున్నారు.

"మంచినీళ్లు తాగండి, మిర్చి లారీలు పోతున్నట్టున్నాయి," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

కాసేపటికి దగ్గు ఆగింది. హమ్మయ్య, తగ్గిందనుకుంది.

దిద్దినదాన్ని కార్డులోకి ఎక్కించి, మూత తీసి సీసాను సెన్సర్ కింద వదిలేసింది. ఈసారి గంట మోగింది, మోగుతూనే ఉంది.

"మోగిందండీ," అంటూ వెనక్కి తిరిగింది.

ఇమ్మానుయేలు గారు కుర్చీలో వాలి ఉన్నారు. కళ్లజోడు ఒళ్లోకి జారింది. అంత మోతకూ కళ్లు తెరవలేదు.

గుండె అన్నారు ఆస్పత్రిలో. ప్రాణం ఎప్పుడో పోయిందన్నారు. సరిగ్గా ఎప్పుడో హారికకు తెలుసు, ఆ మాట ఎవరితోనూ అనలేకపోయింది.

సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి గంటను ఎవరో ఆపేశారు. కిటికీకి ఆయన కట్టిన తువ్వాలు ఎండి, బిరుసెక్కి, ఎర్రటి దుమ్ము పట్టి ఉంది.