పథ్యానికి వేసిన తాళం

తాళం తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. జ్వరం నీరసం లేకుంటే నాలుగే పట్టేవి.

తాళాల మేస్త్రీ తలపిన్నును నోట కరుచుకుని వంటింటి అలమర తలుపు లాగాడు. టైఫాయిడ్ జ్వరం దిగి ఐదు రోజులైంది. ఈ ఐదు రోజులూ పలచటి జావ, మెత్తగా పిసికిన అన్నం, కాచి చల్లార్చిన నీళ్లు. జ్వరం పోతూ పోతూ ఆకలిని తట్టి లేపి వెళ్లింది. పై అరలో వేయించిన వేరుశనగల డబ్బా ఉంది. డాక్టరు ముట్టుకోవద్దన్న వాటిలో మొదటిది అదే.

మొగుడి నాలుక సంగతి తెలిసే, భార్య బట్టల ఫ్యాక్టరీకి వెళ్తూ అలమరకు తాళం వేసింది. అది ఆయన చేతి తాళమే. "చెవి లేకుండా దీన్ని తీసే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని కొట్టులో పదేళ్లుగా చెప్పి అమ్ముతున్న రకం. తాళంచెవి అత్తగారి మెడలో తాడుకు వేలాడుతోంది. అల్లుడు మంచం పట్టాడని తెలిసి, పిలవకుండానే బస్సెక్కి వచ్చిన మనిషి ఆవిడ. మధ్యాహ్నం అల్లుడి చేత జావ తాగించి పెరట్లోకి బట్టలు ఉతకడానికి వెళ్లేది. ఆయన ఆ వేళకు పని కానిచ్చేవాడు. మూడు రోజులు అలాగే గడిచాయి.

నాలుగో రోజు సాయంత్రం భార్య ఇంటికి వచ్చేసరికి ఆయన పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. మంచం కింద వేరుశనగ పొట్టు కనిపించింది. ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీయించి చూస్తే డబ్బా ముప్పావు వంతు ఖాళీ.

"అమ్మా, తాళంచెవి నీ మెడలోంచి తీశావా?"

"స్నానానికి కూడా తీయలేదే."

"మరి ఇవి నడిచొచ్చాయా? ఈయన బతిమాలితే కరిగిపోయావు కదూ! జాలిపడి చంపేస్తావా ఏంటి?"

అత్తగారు అల్లుడి వైపు చూసింది. నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆయనకు తన కొట్టు, తన గొప్పలు, ఈ వయసులో తలపిన్నుతో చేసిన దొంగతనం గుర్తొచ్చాయి.

"అత్తయ్యని ఏమీ అనకు" అన్నాడు పెద్దమనిషిలా. "నేను అడిగితే కాదనలేక పెట్టింది."

అత్తగారి చేయి మెడలోని తాడు మీదకు వెళ్లి ఆగిపోయింది. "అవునే. గుప్పెడు పెట్టాను" అంది.

"చాలు నీ సేవ. రేపు పొద్దున్నే బస్సెక్కు."

ఆస్పత్రిలో డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. "ఎన్ని తిన్నాడు?"

"గుప్పెడండీ" అంది అత్తగారు.

"గుప్పెడైతే మాత్రలిచ్చి పంపేస్తాను. ఎక్కువైతే మాత్రం ఇక్కడే ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. పేగుల్లో పుండ్లు ఇంకా ఆరలేదు. ఇంట్లో ఉండగా చిల్లు పడితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

డాక్టరు పెన్ను చీటీ మీద కదలడం మొదలైంది. మొదటి మాత్ర. రెండో మాత్ర. చీటీ పూర్తయితే ఇంటికే.

"డబ్బా" అన్నాడు మేస్త్రీ.

పెన్ను ఆగింది.

"గుప్పెడు కాదు డాక్టరుగారూ. మూడు రోజులుగా తింటున్నాను, ముప్పావు డబ్బా. ఆవిడ పెట్టలేదు. తాళం నేనే తీశాను."

"దేంతో?" అంది భార్య.

"నీ తలపిన్నుతో."

"అయితే మొనగాడు పుట్టాడన్నమాట" అంది భార్య. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

స్కానింగులో చిల్లు కనిపించలేదు. రెండు రోజులు సెలైను మీదే ఉంచారు. మూడో రోజు అత్తగారే జావగిన్నెతో మంచం పక్కన కూర్చుంది. బస్సెక్కు అన్న కూతురు ఇప్పుడు తల్లి సంచి ఎక్కడ పెట్టాలో తెలియక వరండాలో నిలబడి ఉంది.

"నేను మీ మీదకు నెట్టేస్తుంటే ఎందుకు ఒప్పుకున్నారు అత్తయ్యా?"

"మెలికలు తిరిగిపోతున్న మనిషితో తగువేంటి బాబూ? అయినా గుప్పెడే అనుకున్నాను. మీరు డబ్బా లాగించారని నాకేం తెలుసు?" ఆవిడ మెడలోంచి తాడు తీసి, తాళంచెవిని గిన్నె పక్కన పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి. నా దగ్గరున్నా మీకు అడ్డం కాదుగా."

ఆయన తల దించుకునే తాళంచెవిని ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ తీసుకోలేదు. చెంచా నింపింది.

"నోరు తెరవండి. ఇంకా సగం గిన్నె ఉంది."