చెప్పాననుకున్న మాట

లిఫ్టుల కంపెనీలో అతన్ని అందరూ ప్రొఫెసరనే పిలుస్తారు. చదివింది రెండేళ్ళ మెకానిక్ కోర్సే. ఆ పేరు పెట్టింది చదువు చూసి కాదు, వాలకం చూసి. "టీ తాగుతావా?" అని అడిగితే తాగాలో వద్దో, తాగితే ఏమవుతుందో, తాగకపోతే ఏమవుతుందో అంతా తేల్చుకుని, అడిగినవాడు గ్లాసులు కడిగేసుకుని వెళ్ళిపోయాక "ఊఁ" అంటాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు కొందరు. అది అన్యాయం. నాలుక ఉంది. దాన్ని కదిలించేముందు బుర్ర పదిసార్లు రిహార్సల్ చేయిస్తుంది, అంతే.

ఆ సోమవారం అతనికి సెలవు. భార్య ఆఫీసుకు తయారవుతూ ఫోన్లో ఏదో చదివి పకపకా నవ్వింది. వాళ్ళ ఆఫీసులో ఎవరు ఏ రకం మనిషో తేల్చే పరీక్ష ఒకటి పెట్టారు. తన పరీక్ష అయ్యాక మొగుడిది కూడా తనే రాసేసింది.

"మీరే రకమో తేలిపోయిందండీ. అంతర్ముఖుడు, పైగా విశ్లేషకుడు. వినండి. 'వీరు మాట్లాడబోయేముందు సంభాషణ మొత్తం మనసులోనే నడుపుకుంటారు. అవతలివారి జవాబులు కూడా వీరే చెప్పుకుంటారు.' మనింట్లో నక్కి చూసి రాశారేమో!"

అతను కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. "సాయంత్రం తొందరగా రా. అక్క వస్తోందిగా."

"వదినా? ఇవాళా? నాకెప్పుడు చెప్పారు?"

"మొన్న చెప్పాను. దుప్పట్లు ఉతకాలన్నావు కూడా."

"నేనా! దుప్పట్ల ఊసే లేదు మన మధ్య. చూశారా, నా జవాబు కూడా మీరే చెప్పేసుకున్నారు." ఆవిడ చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది. "పోనీ, అందులోనైనా మంచిగా మాట్లాడానా?"

తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. అతను అలాగే కూర్చుండిపోయాడు. దుప్పట్లు ఉతకాలని ఆమె అనడం అతనికి ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తోంది. ఆ గొంతు, అందులోని విసుగుతో సహా. ఉన్నట్టుండి అతనికి మరో మాట గుర్తొచ్చింది. దుప్పట్ల మాట జరగలేదంటే, శనివారం నాటి బ్రేకు మాట జరిగిందా?

శనివారం అతను ఏడంతస్తుల ఇళ్ళ సముదాయంలో లిఫ్టుకు నూనె పెట్టడానికి వెళ్ళాడు. లిఫ్టును ఎక్కడికక్కడ పట్టి ఆపే బ్రేకు పైన మోటారు గదిలో ఉంటుంది. దాని పట్టీలు అరిగి అరిగి పలచబడిపోయాయి. ఖాళీ లిఫ్టును ఆపుతాయి. నిండా బరువుంటే ఆపుతాయన్న నమ్మకం లేదు. అయితే లిఫ్టును మూసెయ్యాలంటే సూపర్‌వైజరు అనుమతి కావాలి. అందుకే అతను నేరుగా ఆఫీసుకు వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి విషయమంతా చెప్పాడు. "మంచిపని చేశావు. ఇప్పుడే ఆపించేస్తాను" అన్నాడు సూపర్‌వైజరు. ఆ తర్వాతే అతను నిశ్చింతగా ఇంటికొచ్చి ఆదివారమంతా నిద్రపోయాడు.

మరి అది నిజంగా జరిగిందా?

ఫోను చేసి అడిగితే పోతుంది. కానీ ఏమని అడగాలి? 'అన్నా, నేను మీకు చెప్పానా?' అంటే మతి పోయిందనుకుంటారు. 'అన్నా, ఆ లిఫ్టు ఆపించారా?' అంటే, 'ఏ లిఫ్టు?' అంటారు. అప్పుడు తను ఏం చెప్పాలి? హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి తిరిగేసరికి కాస్త తేలికపడ్డట్టనిపించింది. ఎందుకు తేలికపడ్డానా అని ఆలోచించి భయంతో ఫోను తీసి చూశాడు. ఫోను చెయ్యలేదు. చేసినట్టు అనుకున్నాడు, అంతే.

అప్పుడు తనకు చేతనైన పనే చేశాడు. శనివారం నాటి సంభాషణను మోటారు విప్పినట్టు ఏ ముక్కకాముక్క విప్పి చూశాడు. గుమ్మం సరిగ్గానే ఉంది. సూపర్‌వైజరు చొక్కా రంగు సరిగ్గానే ఉంది. తను మాట్లాడింది పన్నెండు వాక్యాలు. సూపర్‌వైజరు పన్నెండూ విన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. సూపర్‌వైజరు వినడమేమిటి? మనిషి బంగారమే, కాదనడానికి లేదు. కానీ "అన్నా" అంటే చాలు, మిగతాది తనే ఊహించి, దానికి జవాబిచ్చి, ఆ పైన ఓ పిట్టకథ తగిలించి పంపేస్తాడు. ఆయన ముందు పన్నెండు వాక్యాలు పూర్తిచేసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

చెప్పలేదు. తను చెప్పనే లేదు.

వెంటనే ఫోను చేశాడు. సూపర్‌వైజరు వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మళ్ళీ చేశాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అతను ఆ ఏడంతస్తుల ఇళ్ళవైపు పరుగెత్తాడు.

తీరా వెళ్ళేసరికి కింద గుమ్మం దగ్గర లారీ ఆగి ఉంది. ఎవరో కొత్తగా ఇంట్లో దిగుతున్నారు. లిఫ్టులో ఇనప బీరువా, దాన్ని ఆనుకుని ముగ్గురు కూలీలు, వాళ్ళ మధ్య చంకలో పసిపాపతో ఇంటావిడ. తలుపు మూసుకోబోతోంది. అతను వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికయ్యా? చోటెక్కడుంది?" అన్నాడో కూలీ.

"దిగండి."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే బ్రేకు నుంచి మొదలుపెట్టాలి. స్ప్రింగు, పట్టీలు, వాటి మందం, బీరువా బరువు. అన్నీ వరసగా బుర్రలో నిలబడ్డాయి. నోరు మాత్రం పెగల్లేదు. పక్క నుంచి తలుపు భుజానికి తగిలి తెరుచుకుంది, మళ్ళీ తగిలింది. ఇంటావిడ చిరాగ్గా మీటవైపు చెయ్యి చాపింది.

"పడిపోతుంది!" అని అరిచాడు. పడుతుందో లేదో అతనికే ఖాయంగా తెలీదు. ఖాయం చేసుకోకుండా జన్మలో అతను ఏ మాటా అని ఎరగడు. "లిఫ్టు మెకానిక్‌ని నేను. అమ్మా, పాపతో ముందు మీరు దిగండి. దిగండమ్మా!"

ఆ గొంతు విని పాప ఏడుపు లంకించుకుంది. అందరూ దిగారు. అతను ఏడంతస్తులూ మెట్లెక్కి వెళ్ళి మోటారు గదిలో స్విచ్చి ఆపేశాడు. ఈసారి ఫోను కలిసింది. "అన్నా, లిఫ్టు ఆపేశాను, రండి" అని, అవతలివాడు అందుకునేలోపు పెట్టేశాడు.

అరగంటకు సూపర్‌వైజరు మెట్లెక్కుతూనే మాట్లాడుతూ వచ్చాడు. "ప్రొఫెసరూ! కిందావిడ నీకు చేతులెత్తి దణ్ణం పెడుతోందయ్యా! సెలవు రోజున ఇలా వచ్చి, ఇలా కనిపెట్టేశావా? అది బుర్రా, ఇంకేమన్నానా!" వంగి పట్టీలు చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. "బాబోయ్. ఇవాళ నువ్వు చూడకపోతే..."

ఊఁ అంటే సరిపోయేది. అబద్ధం ఆడక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు. ఊరుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

"శనివారం చూశాను."

"ఏమిటి?"

"శనివారమే చూశానన్నా. మీకు చెబుదామని ఆఫీసుకొచ్చాను. మీరు ఫోన్లో ఉన్నారు. ఎలా చెప్పాలా అని గుమ్మంలో నిలబడి అనుకున్నాను. అలా అనుకునే వెళ్ళిపోయాను. చెప్పేశాననుకున్నాను."

సూపర్‌వైజరు అక్కడే నేలమీద కూలబడ్డాడు. "రెండు రోజులు. యాభై ఇళ్ళవాళ్ళు." చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "రిపోర్టు రాయాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నా చేతుల్లో లేదు."

"రాయండి."

"ఒక్క ముక్క, ప్రొఫెసరూ. బ్రేకు పోయిందన్నా, అంటే చాలు కదయ్యా. నాకు చెప్పడం అంత కష్టమా?"

అతను ఆలోచించలేదు.

"అవునన్నా. కష్టం."

సూపర్‌వైజరు మరోసారి పట్టీలవైపు చూశాడు. ఆ తర్వాత సంచిలోంచి రిపోర్టు పుస్తకం తీసి, తేదీ దగ్గర శనివారమనే వేశాడు. బాధ్యులు అన్న చోట ముందు తన పేరు రాసి, దాని కింద ప్రొఫెసరు పేరు రాశాడు.